ఆకు వేయు వేళ, ఆకు ఆపు వేళ

చిత్తూరు జిల్లా దక్షిణపు కొసను, ఒకవైపు కన్నడదేశమును వేరొకవైపు తమిళదేశమును ఒరసికొనియున్న కుప్పము సీమలో, శాంతిపురమునకు చేరువనున్న మా అక్కగారి పల్లెకు నేను పోయినప్పుడు, వారి పట్టుపురుగుల షెడ్డులో నాలుగవ జ్వరము నడచుచుండెను. జ్వరమనగా ఇచట వ్యాధి కాదు. పురుగు తన పాతచర్మమును విడుచుటకై మేత మాని, తల యెత్తి, కదలక మెదలక యుండు దశకు రైతులు పెట్టుకొనిన పేరు. ఆ రాత్రి అరలపై సున్నపుపొడి చల్లి, ఆకు ఆపి, పురుగులు లేచు వేళకై కాచుకొని కూర్చుండిన మా మేనల్లుడు నడుమనడుమ చేతిలోని ఫోనును మీటుచుండుట గమనించి, "ఏమిరా చేస్తా ఉండావు?" అని యడిగితిని.

"చెట్లు కొడతా ఉండా మామా. తొంభైరెండో లెవెల్ వచ్చిండాది."

"అయితే తొంభైతొమ్మిదికి ఇంక ఏడేగదా?"

"ఏడే మామా. కానీ ఇప్పటికి అయింది సగమే."

ఆ మాట నన్ను విడువలేదు. ఆ రాత్రియు మరునాడును వానియొద్ద కూర్చుండి, ఆ యాట నడచు తీరును చూచి, అంకెలను కాగితముపై వేసికొనిన పిమ్మట, వాడు చెప్పినది అక్షరాల నిజమని బోధపడినది. బోధపడుటయే కాదు, ఆ యొక్క లెక్కలోనే ఈ క్రీడల సర్వస్వమును ఇమిడియున్నదని తోచినది.

వాడు ఆడుచుండినది 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' అను ఆట. దీని వంశము కొంత పాతది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు బల్లచుట్టు కూర్చుండి ఆడు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను కథాక్రీడను వెలువరించి, ఆటగాని పాత్ర గడించిన అనుభవమును అంకెలలో కొలుచు పద్ధతిని లోకమునకు పరిచయము చేసిరి. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు, పలువురు ఏకకాలమున ఒకే కల్పితలోకమున సంచరించుటకు వీలగు 'మడ్' అను ఆటను కంప్యూటరుపై నిర్మించిరి. 2001 జనవరిలో ఆండ్రూ గోవర్ అను యువకుడు తన సోదరునితో కూడి రూన్‌స్కేప్‌ను వెలువరించెను. ఆట కాలక్రమమున మారిపోగా, పాతదే కావలెనని పట్టుపట్టిన ఆటగాండ్రకొరకు 2007 నాటి రూపమును 2013 ఫిబ్రవరిలో మరల తెచ్చిరి. 2018లో అది ఫోనులోనికి వచ్చినది. ఈ కుప్పము సీమలోనే 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 'ఐ-కమ్యూనిటీ' అను పేర కంప్యూటరు కేంద్రములను నెలకొల్పుట నాటికొక విశేషము. నేడు ఒక రైతుబిడ్డ మల్బరీ వాసన నిండిన షెడ్డులో కూర్చుండి, సముద్రముల కావలి మనుష్యులతో కలిసి ఒకే యడవిలో చెట్లు కొట్టుచున్నాడు.

ఇట్టి ఆటలకు రెండు కాళ్ళు కలవు. మొదటిది 'క్వెస్ట్': ఒక రాజో, వంటవాడో, వృద్ధమాంత్రికుడో ఆటగానికొక కార్యమును అప్పగించును, దానికొక కథ, ఒక చిక్కుముడి, ఒక ముగింపు ఉండును. రెండవది 'గ్రైండింగ్': చెట్టు కొట్టుట, చేప పట్టుట, గని త్రవ్వుట వంటి పనిని వేయిమారులు చేసి నైపుణ్యపు అంకెను ఒక్కొక్క మెట్టు పెంచుకొనుట. క్వెస్ట్ తన ద్వారమువద్ద నిలిచి, ఫలానా నైపుణ్యము ఫలానా స్థాయికి వచ్చిననే గాని లోనికి రానీయనని యనును. ఆ షరతు ఎంత యుండవలె, ఎందుల కుండవలె అనునదియే ఆట నిర్మించువానికిని ఆడువానికిని పెద్ద సమస్య.

ఈ సమస్య మనకు క్రొత్తది కాదు. గాలికి దీపమారిపోగా చీకటిలోనే భుజించుచున్న అర్జునుడు, చేయి అభ్యాసబలముననే నోటిని చేరుచున్నదని గ్రహించి, ఆనాటినుండి రాత్రులయందును విలువిద్య సాధించెనని ఆదిపర్వము చెప్పును; అది సాధన. ఆ సాధనకు ద్రుపదుని కొలువులోని మత్స్యయంత్రము ఎదురైనది, అది కార్యము. ఆ సభలో విలుకానికి ఇంత స్థాయి యుండవలెనని ఎవ్వరును అంకె పలుకలేదు. వింటిని ఎక్కుపెట్టలేక వెనుదిరిగిన రాజులకు ఆ విల్లే తమ స్థాయిని తెలిపినది. సాధన లేనిచో మత్స్యయంత్రము కేవలము అదృష్టపు పందెమై యుండును. మత్స్యయంత్రమే లేనిచో ఆ చీకటిరాత్రుల శ్రమ కథ కాక దినచర్యగానే మిగిలిపోయెడిది.

ఇప్పుడు మేనల్లుని లెక్కకు వత్తును. రూన్‌స్కేప్‌లో మొదటి స్థాయినుండి రెండవ స్థాయికి పోవుటకు 83 అనుభవపు పాయింట్లు చాలును. అవి కొన్ని నిమిషముల పని. అటుపై ప్రతి ఏడు స్థాయిలకు, తరువాతి మెట్టెక్కుటకు వలయు మొత్తము ఇంచుమించు రెట్టింపగుచు పోవును. 50వ స్థాయికి 1,01,333 పాయింట్లు. 92వ స్థాయికి 65,17,253. 99వ స్థాయికి 1,30,34,431. అనగా తొంభైరెండు మెట్లెక్కిన శ్రమ యెంతయో, మిగిలిన ఏడు మెట్ల శ్రమయు అంతయే. షెడ్డులో కూర్చుండి ఈ అంకెలు చూచుచుండగా నాకు ఎదుటనున్న పురుగులే ఉపమానమై నిలిచినవి. పట్టుపురుగు నాలుగు జ్వరములు దాటి, అయిదు దశలలో ఇరువదియైదు దినముల పాటు మేయును. కాని అది జీవితమందు తిను ఆకులో అయిదింట నాలుగు వంతులు, అంతకు మించియు, ఆ కడపటి దశయందలి వారము దినములలోనే తినును. పిల్లపురుగులను పెంచి యిచ్చు చాకీ కేంద్రమునుండి రెండవ జ్వరము దాటిన పురుగులను తెచ్చుకొను రైతునకు తొలినాళ్ళు తేలికగానే గడచును. నాలుగవ జ్వరమునుండి లేచిన పిమ్మట ఇంటిల్లపాదికిని నిద్రయుండదు. అయితే ఒక భేదము కలదు. పురుగు మేయు ప్రతి యాకును గూటివైపునకే పోవును. ఆటగాడు కొట్టు ప్రతి చెట్టును ఎటుపోవుచున్నది? దీనికి సమాధానము చెప్పగలిగిన ఆటయే మంచి యాట యని నా నిశ్చితాభిప్రాయము.

ఈ విషయమున రూన్‌స్కేప్ నిర్మాతలు తొలినాళ్ళలోనే చూపిన నేర్పు మెచ్చదగినది. క్రొత్తగా వచ్చినవానికి ఎదురగు క్వెస్టులలో ఒకటి లంబ్రిడ్జ్ కోటలోని వంటవానిది. ప్రభువుగారి పుట్టినరోజునకు కేకు చేయవలసిన యాతడు దినుసులు లేక దిగులుపడుచుండును. ఆటగాడు ఒక గ్రుడ్డును, ఒక బకెట్టు పాలను, ఒక కుండెడు పిండిని తెచ్చి యీయవలెను. పాలకై ఆవును పితుకవలె, పిండికై గోధుమలు కోసి గాలిమరలో పోసి విసరవలె. ఏ నైపుణ్యమును ముందుగా నుండనక్కరలేదు. ఫలముగా వంటలో 300 పాయింట్లు వచ్చి, ఒకటవ స్థాయివాడు నాలుగవ స్థాయికి చేరును. ఇందు సాధనయే కథయైనది. ఆవుపాలు పితికి యెరిగిన శాంతిపురపు పిల్లవానికి ఆ పనిని ఎవ్వరును వివరింపనవసరము లేదు గదా!

జలపాతపు క్వెస్ట్ అనునది ఇంకొక తెరగు. దానికి నైపుణ్యపు షరతే లేదు; తెలివితోడను ధైర్యముతోడను ప్రాణాపాయమును తప్పించుకొని పోగలిగినవానికి దాడియందును బలమునందును చెరి 13,750 పాయింట్లు దక్కి, ఒకటవ స్థాయినుండి ఏకముగా ముప్పదవ స్థాయి లభించును. గంటలకొలది కోళ్ళను, ఎలుకలను కొట్టవలసిన శ్రమకు మారుగా ఒక్క సాహసము చాలును. క్రొత్తవారికి అనుభవజ్ఞులు మొట్టమొదట చెప్పు రహస్యము ఇదియే.

నాకు అన్నిటికంటె నచ్చినది ఘటసర్ప సంహారపు క్వెస్ట్. దానిని ఆరంభించుటకు అంతకుముందు చేసిన చిన్న కార్యములవలన వచ్చిన క్వెస్ట్ పాయింట్లు 32 ఉండవలెను. పిదప మూడు ముక్కలైన పటమును కూర్చి, పాత ఓడను బాగుచేసి, అగ్నికి అడ్డుపడు డాలును సంపాదించి, క్రాండోర్ అను ద్వీపమునకు పోయి ఎల్వార్గ్ అను ఘటసర్పమును చంపవలెను. యుద్ధనైపుణ్యము ఇంత యుండి తీరవలెనని ద్వారముకడ నిలుపువారు లేరు. ఆ ఘటసర్పమే పరీక్షాధికారి. ఫలమేమనగా, రూన్ లోహపు కవచమును ధరించు అర్హత. ఆ కవచము ధరించుటకు రక్షణనైపుణ్యము 40వ స్థాయికి వచ్చియుండుటయు, ఈ క్వెస్ట్ ముగించియుండుటయు రెండును కావలెను. సాధన మాత్రమే చేసినవాడు దానిని ధరింపలేడు. సాహసము మాత్రమే చేసినవాడును ధరింపలేడు. తానే దానిని కమ్మరపు కొలిమిలో చేసికొందునన్నచో ఆ పనియందు 99వ స్థాయి కావలెను గనుక, పెక్కుమంది దానిని ఇతరులవద్ద కొందురు. ఆ విధముగా ఒకని సుదీర్ఘసాధన మరియొకని సాహసమునకు ఉపకరించును. పలువురు కూడియుండు లోకమునకు ఇంతకంటె శోభ ఏమున్నది?

2006లో నూరవ క్వెస్టును వెలువరించునప్పుడు నిర్మాతలు ఆ లంబ్రిడ్జ్ వంటవానినే మరల రంగమునకు దెచ్చిరి. ఈమారు విందునకు వచ్చిన అతిథులు కాలము స్తంభించిపోయి బంధితులగుదురు. ఒక్కొక్కరిని విడిపించుట ఒక్కొక్క ఉపకథ, ఒక్కొక్క ఉపకథకు వేర్వేరు నైపుణ్యముల షరతులు. తుదిపోరునకు 175 క్వెస్ట్ పాయింట్లు వలయును. విడిపించిన కొలది దొరకు చేతితొడుగులు మెరుగగుచు పోవును. పాలు, గ్రుడ్డు, పిండి తెచ్చి యిచ్చిన అమాయకపు దినములను తలపునకు తెచ్చు ఈ కూర్పులో, నడుమ గడచిన నెలల శ్రమయంతయు వెనుకకు తిరిగి చూచినప్పుడు కథగా మారిపోవును. అంకె కథలోనికి ఒదిగిపోవుటయనగా ఇదియే.

ఒదుగనిచోట్లును లేకపోలేదు. 1999 నాటి 'ఎవర్‌క్వెస్ట్' పేరునందే క్వెస్ట్ ఉన్నను, ఒకేచోట నిలిచి వచ్చిన మృగమునెల్ల చంపుటయే అందు ప్రధానవ్యాపారమయ్యెను. 2004 నవంబరులో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' క్వెస్టులనే రాజమార్గముగా పరచి, నాటి గరిష్ఠమగు 60వ స్థాయి వరకు ఆటగానిని ఊరినుండి ఊరికి నడిపించెను. అది గొప్ప మార్పే. కాని పది తోడేళ్ళను చంపి తోళ్ళు తెమ్మను కార్యము నిజమునకు కార్యము కాదు, క్వెస్టు వేసము కట్టిన గ్రైండింగే. అట్లే కథ మంచిపట్టుమీద నున్నప్పుడు సంబంధములేని నైపుణ్యమును అడ్డముపెట్టి, ఆటగానిని మూడు వారములు చేపలు పట్టుకొని రమ్మనుటయు అపరాధమే. తిరిగివచ్చునాటికి వానికి కథ మరపున పడియుండును. రూన్‌స్కేప్‌లో ఇందులకొక చిన్న సందు కలదు: అడ్మిరల్ పై అను వంటకము తిన్నచో చేపలు పట్టు నైపుణ్యము కొంతసేపు 5 స్థాయిలు హెచ్చును. రెండు మూడు మెట్లు తక్కువైనవాడు అట్టి ఆహారముల సహాయమున గడప దాటగల సందర్భములు కలవు. ద్వారపాలకునకు ఈపాటి దయ యుండుట మంచిది.

సాధనకు కార్యముతో సంబంధము పూర్తిగా తెగిపోయినచో ఏమగునో లోకము చూచినది. వెనెజులాదేశము ఆర్థికముగా కుప్పకూలిన దినములలో, 2017 మొదలుగా, అచటివారు కొందరు ఈ పాత రూన్‌స్కేప్‌లోనే దినమెల్ల పచ్చని ఘటసర్పములను చంపి, వచ్చిన బంగారమును ఆట నియమములకు విరుద్ధముగా విదేశీయులకు అమ్మి పొట్టపోసికొనిరి. అది వారి దోషమని నేననను. ఆకలి ముందు ఆట యేపాటి? కాని ఒకని విసుగును కొనుటకు ఇంకొకడు డబ్బిచ్చుటకు సిద్ధపడుచున్నాడనగా, ఆ సాధనలో వానికి రసము మిగులలేదనియే అర్థము.

ఇక విశ్రాంతి మాట. వార్‌క్రాఫ్ట్ నిర్మాతలు పరీక్షాదశలో, ఎక్కువసేపు ఆడినవానికి అలసట కలిగి అనుభవపు పాయింట్లు సగమునకు తగ్గునట్లు చేసిరి, ఆటగాండ్రు మండిపడిరి. అంతట వారు అంకెల నమరించు తీరును మార్చి, సత్రములో విశ్రమించి వచ్చినవానికి కొంతకాలము రెట్టింపు పాయింట్లు వచ్చునని ప్రకటింపగా, ఇంచుమించు అదే ఏర్పాటు అందరికి ప్రియమైనది. శిక్షగా తోచినది బహుమానముగా తోచుట మనుష్యస్వభావమునకు సంబంధించిన విశేషము. నాకు మాత్రము ఇందు పట్టుపురుగు జ్వరమే కనిపించినది. మేత ఆపిన దినముననే పురుగు పెద్దదగును. బాలలు శుక్ర, శని, ఆదివారములలోను సెలవుదినములలోను దినమునకొక గంట మాత్రమే ఆడవలెనని చైనా ప్రభుత్వము 2021లో శాసించినది; ఆడుట మానలేక ఇతర జీవితమెల్ల చెడుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులపట్టికలో చేర్చగా, అది 2022 నుండి అమలునకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధింపబడినవి డబ్బు పణముగా ఒడ్డు రమ్మీ వంటివి. వానిని, ఈ కథాక్రీడలను ఒకేగాట కట్టి పిల్లలను దండించు తలిదండ్రులు, ఒకమారు ప్రక్కన కూర్చుండి ఆ యాటను చూడవలెనని నా ప్రార్థన.

మరునాటి సాయంకాలము వాని క్వెస్టుల పట్టికను చూపుమంటిని. అందు మొదలుపెట్టనివి ఎరుపు, నడచుచున్నవి పసుపు, ముగిసినవి ఆకుపచ్చ. ఆకుపచ్చ పేరులు చాలనే యున్నవి. నడుమ నొకటి పసుపుగా నిలిచిపోయియున్నది. ఎందుకు నిలిచినదని యడిగితే, ఏదో నైపుణ్యము చాలలేదనియు, దానికై పోయి చెట్లలో పడితిననియు చెప్పి, కొంతసేపు ఆ పేరునే చూచుచుండెను. ఆ క్వెస్ట్ అడిగినది చెట్లు కొట్టుట కాదు. ముందు కార్యమును ఎంచుకొని, అది యడిగినంతయే సాధన చేసి, దారిలో అనుభవమునిచ్చు చిన్న క్వెస్టులను ఏరుకొనుచు పోయినచో ఎట్లుండునని నేనడుగగా, వాడు కాగితము తీసి, కావలసిన నైపుణ్యములను వరుసగా వ్రాసికొనెను. తొంభైతొమ్మిది చేరినవానికి ఒక ప్రత్యేకమగు కేప్ కలదట, క్వెస్టులన్నియు ముగించినవానికి వేరొకటి కలదట. రెండవదానిని గూర్చి చెప్పునప్పుడు వాని గొంతు మారినది.

వేకువజామున షెడ్డులో చిన్న సవ్వడి మొదలైనది. కొన్ని పురుగులు పాతచర్మము విడిచి, క్రొత్త తలలెత్తి ఆకుకై వెదకుచుండెను. గంప నిండ మల్బరీ కొమ్మలు కోసి సిద్ధముగా నున్నవి. ఇంక వేయవచ్చును గదా యని నేను కొమ్మకై చేయి చాపితిని. వాడు ఫోనును కిటికీలో పెట్టి, అరల ప్రక్కన వంగి, బల్బు వెలుతురులో ఒక్కొక్క వరుసను చూచుకొనుచు పోయి, తలయెత్తక పలికెను:

"ఇంకా అన్నీ లేయలేదు మామా. కొంచేపు ఉండాల."