ఘాతాంకములో సంవర్గమానము

ఒక చిన్న లెక్కతో ప్రారంభింతము. 10కి ఘాతాంకముగా లాగ్ 7 వ్రాసినారు. దాని విలువ ఎంత? ఈ ప్రశ్నను చూడగానే చాలమంది విద్యార్థులు సంవర్గమానముల పట్టికను తెరచుట వాడుక. నేడు పట్టికకు బదులు గణనయంత్రము మీటలు నొక్కుదురు. లాగ్ 7 విలువ 0.8451 అని తెలిసికొని, దానిని మరల 10కి ఘాతాంకముగా వేసి, తుదకు 7 వద్దకే వచ్చి చేరుదురు. ఇంత ప్రయాస ఏల? సమాధానము ప్రశ్నలోనే ఉన్నది.

సంవర్గమానము అనగా ఏమి? 10కి ఏ ఘాతాంకము వేసినచో 100 వచ్చును? 2 వేసినచో వచ్చును. కనుక లాగ్ 100 విలువ 2. అటులనే, "10కి ఏ ఘాతాంకము వేసినచో 7 వచ్చును?" అను ప్రశ్నకు సమాధానమునకే లాగ్ 7 అని పేరు. ఆ సమాధానమును తెచ్చి ఘాతాంక స్థానములో ఉంచినప్పుడు 7 గాక మరేమి వచ్చును? ఏ తాళమునకై చేసిన తాళపుచెవి ఆ తాళమునే తెరచును.

స్కాట్లండు దేశీయుడైన జాన్ నేపియర్ 1614లో సంవర్గమానములను ప్రకటించెను. 10 ఆధారముగా గల విస్తృతమైన పట్టికలను హెన్రీ బ్రిగ్స్ 1624లో వెలువరించెను. గుణకారమును సంకలనముగా మార్చి శ్రమ తగ్గించుటయే వారి ఉద్దేశము. ఈ మార్పును మరచినచోటనే పొరపాట్లు పుట్టుచున్నవి.

ఘాతాంకము లాగ్ 2, లాగ్ 3 ల మొత్తమైనచో, 10 మీద దాని విలువ 5 కాదు, 6. ఘాతాంకములు కూడినప్పుడు సంఖ్యలు గుణింపబడును. ఘాతాంకము 2 లాగ్ 3 అయినచో విలువ 6 కాదు, 9. ముందున్న 2 లోపలి 3ను వర్గము చేయును. ఘాతాంకము 2 కూడిక లాగ్ 5 అయినచో, 100ను 5తో గుణింపగా 500 వచ్చును.

ఆధారములు వేరైనప్పుడు ముందు వానిని ఒకటి చేయవలెను. 4కు ఘాతాంకముగా, 2 ఆధారముగా గల లాగ్ 3 ఉన్నదనుకొనుడు. 4 అనగా 2 యొక్క వర్గము. కనుక 2 మీద ఘాతాంకము ఆ లాగ్ 3కు రెండింతలగును. ఫలితము 9. ఈ సులువు లాగ్‌లోని సంఖ్య ధనాత్మకమైనప్పుడే చెల్లును.

ఇది పరీక్షలకు మాత్రమే పనికివచ్చు విద్య కాదు. మీ ఇంటి రేడియో ధ్వనిని కొలుచు డెసిబెల్ కూడ సంవర్గమానమే. రెండు శక్తుల నిష్పత్తికి లాగ్ కట్టి 10తో గుణించినచో డెసిబెల్‌లు వచ్చును. 5 వాట్ల యంత్రమునకు మారుగా 10 వాట్లది కొన్నవారు ధ్వని రెట్టింపు వినబడునని ఆశింతురు. లాగ్ 2 విలువ 0.3010, కనుక పెరుగునది సుమారు 3 డెసిబెల్‌లే. సామాన్యముగా చెవికి ధ్వని రెట్టింపుగా తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను.

మరియొకటి. ఒకే గదిలో రెండు రేడియోలు వేర్వేరు కార్యక్రమములను, ఒక్కొక్కటి 60 డెసిబెల్‌ల స్థాయిలో వినిపించుచున్నవి. రెండును కలిసి 120 అగునా? కానేరవు. 60 డెసిబెల్‌లు అనగా ప్రమాణముగా గ్రహించిన అతి స్వల్ప తీవ్రతకు 10 మీద 6, అనగా పదిలక్షల రెట్లు. రెండు కలిసినచో ఇరువదిలక్షల రెట్లు. అనగా 10 మీద 6 కూడిక లాగ్ 2. కనుక వచ్చునది 63 డెసిబెల్‌లు. కూడినవి తీవ్రతలు, లాగ్‌లు కావు. లాగ్‌లనే కూడి 120 అన్నవారు, తెలియకయే ఒక ధ్వనిని పదిలక్షల రెట్లు పెంచినవారగుదురు.

కావున విద్యార్థులు పట్టిక తెరచుటకు ముందు, మీట నొక్కుటకు ముందు, ఒక్క క్షణమాగి చూడవలెను. ఆధారములు ఒకటేనా? లాగ్ ముందు గుణకమున్నదా? పక్కన కూడిక ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో, భయపెట్టిన లెక్క నోటిలెక్క అగును.