నిశ్శబ్దం కోసం పుట్టి, ఆయుష్షుకు పేరుపడ్డ కారు

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో లగ్జరీ సెడాన్ ఒక వింత సరుకు. కొత్తలో కోటి పలికిన బండి పదేళ్ళు తిరిగేసరికి చిన్న కారు ధరకు దొరుకుతుంది. బేరం కుదిరిందని మురిసిపోయి కొన్నవాడికి అసలు సంగతి మొదటి సర్వీసు బిల్లు చేతికొచ్చినప్పుడు తెలుస్తుంది. ధర దిగింది బండిది మాత్రమే. దాని ఎయిర్ సస్పెన్షన్, కంప్యూటర్ పెట్టెలు, హెడ్‌లైట్లు ఇప్పటికీ కోటి రూపాయల కారు రేటుకే వస్తాయి. ఏనుగును కొనడం వేరు, మేపడం వేరు. ఇలాంటి కార్లు యజమానులను అంత తొందరగా మార్చడానికి కారణం ఇదే.

ఈ లెక్కకు లొంగని కార్లు కొద్ది. నా దృష్టిలో వాటిలో మొదటిది టయోటా లగ్జరీ బ్రాండ్ లెక్సస్ చేసిన ఎల్‌ఎస్ 400. 1989 నుంచి 2000 దాకా జపాన్‌లో తయారై, అమెరికా రోడ్ల మీద పేరు తెచ్చుకున్న బండి ఇది. మన దగ్గర ఇది కనబడడం అరుదు. లెక్సస్ మన దేశంలో అడుగుపెట్టిందే 2017లో. అయినా ఏ కంపెనీ పాత కారు కొనాలనుకునేవారైనా దీని పుట్టుక తెలుసుకుంటే మేలు. మూడో యజమానికి ఎదురయ్యే సుఖమైనా, కష్టమైనా, సగం డిజైన్ గదిలోనే నిర్ణయమైపోతుందని ఇంత స్పష్టంగా చూపించే యంత్రం మరొకటి లేదు.

1983 ఆగస్టులో టయోటా ఛైర్మన్ ఎయిజి టొయోడా తన ముఖ్య అధికారులను రహస్యంగా కూర్చోబెట్టి, ప్రపంచంలో ఉన్న మేటి కార్లను మించే కారు మనం చేయగలమా అని అడిగాడు. ఆ ప్రశ్న వెనుక వ్యాపారం ఉంది. 1981 నుంచి అమెరికాకు ఏడాదికి ఇన్ని కార్లే పంపాలన్న పరిమితికి జపాన్ ఒప్పుకోవలసి వచ్చింది. బండ్ల సంఖ్య పెంచుకునే వీలు లేనప్పుడు ఒక్కో బండి మీద వచ్చే లాభమే పెరగాలి. పైగా కుర్రతనంలో కరోలా కొన్న అమెరికన్ నడివయసులో డబ్బు చేతికొచ్చాక బెంజ్ షోరూముకు వెళ్ళిపోతున్నాడు. అతన్ని ఆపాలి.

పని ఇచిరో సుజుకీ అనే చీఫ్ ఇంజినీరు చేతికి వచ్చింది. ఆయన పెట్టుకున్న షరతులు ఒకదానితో ఒకటి కొట్టుకునేవి. వేగం గంటకు 250 కిలోమీటర్లు అందుకోవాలి. అయినా గ్యాలన్‌కు 22.5 మైళ్ళు, అంటే లీటరుకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఇవ్వాలి. అంతకు తగ్గితే అమెరికాలో ఎక్కువ పెట్రోలు తాగే కార్ల మీద వేసే పన్ను పడుతుంది. అంత వేగంలోనూ లోపల నిశ్శబ్దంగా ఉండాలి. గాలి నిరోధక గుణకం 0.29 దగ్గర నిలవాలి. ఆ రోజుల్లో పెద్ద సెడాన్‌కు అది చాలా తక్కువ.

చప్పుడు తగ్గించడానికి అందరికీ తెలిసిన దారి ఒకటుంది: నేల కింద, డోర్లలో, ఇంజిన్ వెనుక మందమైన షీట్లు దట్టించడం. దాంతో బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఇంకా పెద్ద ఇంజిన్ కావాలి, అది ఇంకా పెట్రోలు తాగుతుంది, ఇంకా చప్పుడు చేస్తుంది. సుజుకీ ఆ దారి పట్టలేదు. చప్పుడును పుట్టినచోటే పట్టుకోమన్నాడు.

తిరిగే ఇరుసులో బరువు ఒక పక్కకు ఏ కాస్త ఎక్కువున్నా అది బయటికి లాగుతుంది. ఆ లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర ఉన్న బలం 6,000 చుట్ల దగ్గర నాలుగింతలు. ఆ అదురు ఇంజిన్ మౌంట్లలోంచి బాడీలోకి, బాడీలోంచి మన చెవిలోకి వస్తుంది. దీన్ని ఆపాలంటే భాగాలను మామూలు కన్నా ఎన్నో రెట్లు ఖచ్చితంగా కోయాలి, తూచాలి, అమర్చాలి. మొదట్లో కుదరదన్న ప్రొడక్షన్ ఇంజినీర్లే చివరికి చేసి చూపించారు. అలా వచ్చిందే 1యూజెడ్-ఎఫ్‌ఈ: నాలుగు లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, 32 వాల్వులు, దాదాపు 250 హార్స్ పవర్, పూర్తిగా అల్యూమినియం బ్లాక్.

ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతి ఇంకా బాగుంటుంది. వెనుక చక్రాలతో నడిచే మామూలు కారులో గేర్‌బాక్స్ నుంచి ఆ చక్రాల దాకా ఈ షాఫ్ట్ కొంచెం వంకరగా వెళుతుంది, మధ్యలో యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. జాయింట్ కోణంలో తిరిగితే అవతలి వైపు వేగం ఒకేలా ఉండదు. ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. కూర్చున్నవాడికి అది సన్నని అదురుగా తెలుస్తుంది. ఎల్‌ఎస్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, షాఫ్ట్ వీలైనంత ఒకే గీత మీదకు తెచ్చారు. అదురుకు మూలమే పోయింది.

ఈ శ్రమంతా మొదటి యజమాని చెవుల కోసం చేసింది. ఫలం మాత్రం మూడో యజమాని దాకా వెళ్ళింది. అదురంటే వృథా అయిన శక్తి; బేరింగుల్ని అరగదీసేదీ, బోల్టులను వదులు చేసేదీ, ఆయిల్ సీళ్ళను చించేదీ అదే. సరిగ్గా తూగిన ఇరుసు చుట్టూ పలచని ఆయిల్ పొర చెదరకుండా నిలిస్తే లోహం లోహాన్ని తాకదు. నిశ్శబ్దమైన ఇంజిన్ ఎక్కువకాలం బతకడం కాకతాళీయం కాదు.

దాదాపు 1,400 మంది ఇంజినీర్లు, 450 నమూనా కార్లు, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. 1989 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో ముసుగు తీశారు. ఆ ఏడాది సెప్టెంబరులో 35,000 డాలర్లకు అమ్మకం మొదలైంది. జర్మన్ కంపెనీల పెద్ద సెడాన్లు అంతకంటే చాలా ఎక్కువ పలుకుతున్న రోజులవి. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, చక్రాలను రోలర్ల మీద గంటకు 145 మైళ్ళ దాకా తిప్పిన ప్రకటన అప్పట్లో ఊరూరా మాటైంది. డిసెంబరులో బ్రేక్ లైటు వైరింగులోనూ క్రూజ్ కంట్రోల్‌లోనూ లోపం బయటపడితే, అప్పటికి అమ్మిన 8,000 కార్లనూ వెనక్కి పిలిచారు. మెకానిక్‌లు ఇళ్ళకే వచ్చి బండ్లు తీసుకెళ్ళి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి తెచ్చిచ్చారు. 20 రోజుల్లో పని ముగిసింది. పరువు పోవలసిన చోట పేరు వచ్చింది.

ఇక ముసలితనం. లోహం బాగుంది సరే, కారంటే లోహమొక్కటే కాదు. రబ్బరు వేడికి, గాలిలోని ఓజోనుకు గట్టిపడి పగులుతుంది. సస్పెన్షన్ కింది ఆర్మ్‌ల బుష్‌లు పోతే స్టీరింగ్‌లో పట్టు తగ్గుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్ళ తరబడి ఎండిపోతుంది, ఒక్కోసారి కారి బోర్డును తినేస్తుంది. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుకే పాత ఎల్‌ఎస్‌లో మీటరు ముళ్ళ వెలుగు ఆరిపోతుంది. ఏసీ తెర మీద నల్లటి సిరా పాకడం కూడా మామూలే.

సుజుకీ బృందం చూసీ చూడనట్టు వదిలేసిన చోట్లూ ఉన్నాయి. పవర్ స్టీరింగ్ పంపు కారితే ఆ నూనె సరిగ్గా కిందనున్న ఆల్టర్నేటర్ మీద పడుతుంది. మన షెడ్లలో డైనమో అంటారే, అదే. నూనె తాగి చచ్చిపోతుంది. స్టార్టర్ మోటార్‌ను రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద పెట్టారు. లోపల అరిగిపోయేవి చవకైన రాగి ముక్కలే, కానీ వాటిని అందుకోవడానికి ఇంజిన్ పైభాగమంతా విప్పాలి. పార్టు ఖర్చు కొంచెం, కూలి బోలెడు. టైమింగ్ బెల్ట్‌ను సుమారు 90,000 మైళ్ళకోసారి మార్చాలి. మొదటి తరం ఇంజిన్లో బెల్ట్ తెగితే బండి ఆగిపోతుంది, అంతే. 1998 మోడల్ నుంచి వచ్చిన వీవీటీ-ఐ ఇంజిన్లో తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. అంటే కొత్త మోడల్ కొన్నవాడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఈ కారు ఎంతదూరం పోగలదో చూడాలని అమెరికన్ ఆటోమొబైల్ రచయిత మ్యాట్ ఫరా 2014లో ఒక 1996 మోడల్‌ను 1,400 డాలర్లకు కొన్నాడు. అప్పటికే అది 9 లక్షల మైళ్ళకు దగ్గరలో ఉంది. తానూ నడిపాడు, ఇతరులకూ ఇచ్చి నడిపించాడు. 2019లో బండి 10 లక్షల మైళ్ళు, అంటే 16 లక్షల కిలోమీటర్లు దాటింది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది నేటికీ దొరికే కారే. ఇక్కడ మనకు దొరికేవి ఎక్కువగా జర్మన్ సెడాన్లు. వాటికీ ఇవే పరీక్షలు. చల్లారిన ఇంజిన్‌ను మీ కళ్ళముందే స్టార్ట్ చేయించండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రంతా నిలిపి, పొద్దున ఏ మూల కుంగిందో చూడండి. మీటరు వెనక్కి తిప్పడం మన మార్కెట్లో మామూలే కాబట్టి చాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్లో చరిత్ర తీయించండి. 2015 చెన్నై వరదలు, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల బోల్టుల తుప్పు చూడండి. ఇన్నీ బాగున్నా, బండి ధరలో నాలుగో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా పెట్టలేకపోతే మాత్రం ఆ డబ్బుతో కొత్త చిన్న కారు కొనుక్కోవడమే మంచిది.