కడుపులో పుండు, ఊరిలో వైద్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కడుపు బాధ ఏదైనా సాధారణంగా ‘గ్యాస్’ అనే ఒక్క పేరుతోనే చెలామణి అవుతుంది. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట, తిన్న వెంటనే పొట్ట బిగదీయడం, అర్ధరాత్రి ఆకలితోపాటు లేచే నొప్పి, అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. వాటన్నిటికీ మందుల దుకాణంలో ఒకే రకం బిళ్ల దొరుకుతుంది. వైద్యశాస్త్రం మాత్రం వీటిని వేరువేరు జబ్బులుగా చూస్తుంది. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం ఒకటి, పరీక్షలో ఏ పుండూ కనిపించకపోయినా జీర్ణక్రియ నడక తప్పి బాధించే అజీర్తి మరొకటి, జీర్ణాశయపు లోపలి పొర గానీ చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం పొర గానీ తెగి ఏర్పడే పుండు ఇంకొకటి. ఈ చివరిదాన్నే పెప్టిక్ అల్సర్ అంటారు. నిర్లక్ష్యం చేస్తే రక్తస్రావంతోనో, గోడకు చిల్లుపడటంతోనో ప్రాణం తీయగలిగేది ఇదే; అసలు కారణాన్ని పట్టుకుంటే చాలామందిలో పూర్తిగా నయమయ్యేదీ ఇదే.

అల్సర్ వరి అన్నం ప్రధానాహారమైన దక్షిణాదిలో ఎక్కువనీ, గోధుమ రొట్టెలు తినే పంజాబు వైపు తక్కువనీ మన దేశంలోని వైద్యులు చాలాకాలం కిందటే గమనించారు. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1964లో ‘గట్’ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఈ విషయంపై వ్యాసం రాశారు. నమిలి తినవలసిన రొట్టె లాలాజలాన్ని బాగా ఊరిస్తుందనీ, మెత్తటి అన్నం అంతగా నమలకుండానే దిగిపోతుందనీ ఆయన వాదించారు. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ మిషన్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా పనిచేసిన ఫ్రాంక్ టోవీ, భారత్, బంగ్లాదేశ్‌లలో అల్సర్ ఎక్కడెక్కడ ఎంతగా ఉందో వివరిస్తూ 1979లో అదే పత్రికలో మరో వ్యాసం వెలువరించారు. ఆంత్రమూలం దారి మచ్చకట్టి మూసుకుపోయి, నిన్న తిన్న అన్నం ఇవాళ వాంతి అయ్యేదాకా వచ్చిన రోగికి జీర్ణాశయం నుంచి చిన్నపేగుకు కొత్త దారి కుట్టడం, ఆమ్లాన్ని ఊరించే వేగస్ నాడిని కత్తిరించడం ఆనాటి వైద్యం. ఆమ్లం లేనిదే పుండు లేదన్న సూత్రం 1910 నుంచి వైద్యలోకాన్ని ఏలింది. 1970ల మధ్యలో వచ్చిన సిమెటిడిన్, 1980ల చివరలో వచ్చిన ఒమెప్రజోల్ ఆ సూత్రం మీద నిలిచిన మందులే. ఇవి పుండును మాన్పేవి గానీ, వాటిని ఆపిన కొన్ని నెలలకే పుండు తిరిగి వచ్చేది. అందువల్ల అల్సర్ జీవితాంతం వెంట ఉండే జబ్బన్న అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది.

ఆ అభిప్రాయాన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ తలకిందులు చేశారు. జీర్ణాశయపు పొరలో మెలితిరిగిన ఒక సూక్ష్మజీవి ఉండటాన్ని వారెన్ సూక్ష్మదర్శినిలో గుర్తించగా, 1982లో మార్షల్‌తో కలిసి దాన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవి ఉన్న ద్రవాన్ని స్వయంగా తాగి, తన జీర్ణాశయానికి వాపు తెచ్చుకుని మరీ దాని ప్రభావాన్ని చూపించారు. హెలికోబ్యాక్టర్ పైలోరి అన్న పేరుతో స్థిరపడిన ఈ సూక్ష్మజీవి యూరియాను అమోనియాగా మార్చే ఎంజైమును తయారుచేసుకుని, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చల్లార్చుకుంటూ జిగురుపొర కింద ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది. వైద్యుల ఆచరణను మార్చడంలో బహుమతి కన్నా ముందు వచ్చిన చికిత్సా ప్రయోగాలది పెద్ద పాత్ర. వాటిలో వియన్నా వైద్యులు 1993లో ప్రచురించిన ప్రయోగం ముఖ్యమైనది: పదేపదే ఆంత్రమూలంలో పుండు పడుతున్న రోగులకు ఆమ్లం తగ్గించే మందుతోపాటు కొందరికి యాంటీబయాటిక్‌లు, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి ఏడాది పాటు గమనించగా, మొదటి వర్గంలో నూటికి 8 మందికి, రెండవ వర్గంలో 86 మందికి పుండు తిరిగి వచ్చింది. 8కీ 86కీ మధ్య ఉన్న ఆ అంతరంలో ఎన్ని శస్త్రచికిత్సలు, ఎన్ని కుటుంబాల అప్పులు తప్పిపోయాయో ఊహించుకోవచ్చు.

అంతమాత్రాన మల్హోత్రా, టోవీల పని వృథా అనుకోకూడదు. ఈ సూక్ష్మజీవి ఎక్కువగా బాల్యంలోనే, ఇరుకు ఇళ్లలో, పరిశుభ్రత కొరవడిన చోట నోటి ద్వారా ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. దేశంలో పెద్దవారిలో సగానికి పైగా దీన్ని మోస్తున్నవారే. ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ వ్యాప్తి ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నప్పుడు పుండ్లు మాత్రం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఎందుకుండాలన్న టోవీ ప్రశ్న నేటికీ బరువైనదే. ఎలుకల మీద ఆయన, సహచరులు చేసిన ప్రయోగాల్లో ఉలవల్లోని కొవ్వు పదార్థం పుండు పడకుండా కొంత అడ్డుకుంది. ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో పండే గింజకు ఆ గుణం ఉందంటే సంతోషించవలసిందే గానీ, ఎలుకలో తేలినది మనిషిలోనూ తేలేదాకా ఉలవచారును మందుగా ఎంచకూడదు. అతిమధురం కథ ఇందుకు మంచి నిదర్శనం. ఆ వేరు నుంచి తీసిన ఔషధం జీర్ణాశయపు పుండును త్వరగా మాన్పుతుందని రిచర్డ్ డాల్ బృందం 1962లో పద్ధతి ప్రకారం రుజువు చేసింది, కానీ అది ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవబెట్టి రక్తపోటును పెంచుతుందని కూడా పరిశీలనలోనే బయటపడింది. సంప్రదాయ వైద్యాన్ని గౌరవించడమంటే దాన్ని పరీక్షకు నిలబెట్టడమే.

ఇక ఉత్తరాంధ్రకు అతి దగ్గరి ప్రమాదం నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసెక్లోఫెనాక్ వంటివి కీళ్లనొప్పిని తగ్గిస్తూనే, జీర్ణాశయపు జిగురుపొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. సూక్ష్మజీవి లేని కడుపులో కూడా పుండు పడటానికి ఇదొక్కటి చాలు, రెండూ కలిస్తే ముప్పు మరింత పెరుగుతుంది. పొలంలో, జీడితోటలో, వేట పడవ మీద ఒళ్లు హూనమయ్యేలా పనిచేసేవారు సాయంత్రానికి ఒక నొప్పి బిళ్ల, దాని మంటకు ఒక గ్యాస్ బిళ్ల వేసుకుని మర్నాటి పనికి సిద్ధపడటం వారి తప్పు కాదు, అంతకన్నా మేలైన వైద్యం చేరువలో లేకపోవడం. అయితే ఇదే నేల మీద ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు వేల కుటుంబాలను కుంగదీసింది. దానికి కారణం ఇదేనని ఏ ఒక్కదాన్నీ పరిశోధకులు ఇంకా తేల్చలేదు గానీ, నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గించి హాని చేస్తాయన్నది నిర్వివాదం. గ్యాస్ బిళ్లలుగా వాడే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ జాతి మందులకూ, మూత్రపిండాల జబ్బుకూ సంబంధం కనిపిస్తోందని 2016లో అమెరికాలో వెలువడిన పరిశీలన హెచ్చరించింది. అది కారణాన్ని రుజువు చేసే ప్రయోగం కాదు. అవసరమైన రోగికి ఈ మందులు ప్రాణరక్షకాలే. కారణం తెలుసుకోకుండా ఏళ్ల తరబడి మింగడమే అనుచితం, ఉద్దానంలో మరీ అనుచితం.

కారణం తెలుసుకునే మార్గాలు కష్టమైనవి కావు. గొట్టం ద్వారా కెమెరా పంపి చూసే ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి సూక్ష్మజీవిని గుర్తించవచ్చు. ఎండోస్కోపీ అవసరం లేనివారిలో ఊపిరి పరీక్ష గానీ మల పరీక్ష గానీ సరిపోతుంది. గ్యాస్ బిళ్లలను రెండు వారాల ముందే ఆపకపోతే ఈ పరీక్షలు సూక్ష్మజీవి ఉన్నా లేదని చూపవచ్చు. ఉన్నట్టు తేలితే ఆమ్లం తగ్గించే మందు, రెండు యాంటీబయాటిక్‌లు, తరచుగా వాటితో బిస్మత్ అనే లోహలవణం కలిపి 14 రోజులు ఇస్తారు. నాలుగైదు రోజులకే హాయిగా ఉందని ఆపేస్తే మిగిలిన సూక్ష్మజీవులు మందుకు లొంగనివిగా తయారవుతాయి. హైదరాబాదు, చెన్నై సహా అయిదు కేంద్రాల్లోని రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవుల మీద జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో నాలుగింట మూడు వంతులకు పైగా మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. విరేచనాలకు ఊరూరా విచ్చలవిడిగా వాడిన మందు అది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి బిస్మత్ ఇవ్వకూడదు గనుక, ఉద్దానంలో ఈ చికిత్స దుకాణంలో అడిగి కొనుక్కునేది కాకూడదు.

నివారణ విషయంలో శ్రీకాకుళం ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోనక్కరలేదు. జీర్ణమార్గం నోటితో మొదలవుతుంది. చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకుని పీల్చే అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే వెల్లడించారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించింది. పరీక్షించిన వారిలో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ తాగేవారు, వారిలో ఆడవారే ఎక్కువ. తరువాత అదే సంస్థ శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందారులకు వారి ఇళ్ల వద్దే నచ్చజెప్పి, ఏటా తిరిగి పరీక్షించి, పొగాకు మానినవారిలో, తగ్గించినవారిలో నోటి మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిందని నిరూపించింది. ఖరీదైన యంత్రాలు లేకుండా, మళ్లీ మళ్లీ గడప తొక్కిన మనుషుల వల్ల సాధ్యమైన ప్రయోగమది.

చైనాలోని లిన్‌చూ ప్రాంతంలో 1995లో ఈ సూక్ష్మజీవికి రెండు వారాల చికిత్స పొందినవారిని 22 ఏళ్లు గమనించి, వారిలో జీర్ణాశయ క్యాన్సర్ తగ్గిందని చూపిన పరిశోధన కూడా పల్లెవాసులతో సాగినదే. రోజూ ఆస్పిరిన్ వాడే అరవై దాటినవారిలో ఈ సూక్ష్మజీవిని తొలగిస్తే మొదటి రెండున్నరేళ్లు పుండు రక్తస్రావాలు తగ్గాయని బ్రిటన్ ప్రయోగం 2022లో తేల్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలు, నెల్లిమర్లలోని మహారాజా వైద్య సంస్థ, పలాసలోని మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, గడపగడపా తెలిసిన ఆశా కార్యకర్తలు ఉన్న ఈ నేల మీద అలాంటి పని మొదలు పెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి; ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మల పరీక్షనూ, పూర్తి 14 రోజుల మందులనూ ఉచితంగా ఇవ్వడంతో ప్రభుత్వం దాన్ని ఆరంభించాలి. అంతవరకూ నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, హఠాత్తుగా కడుపు చెక్కలా బిగుసుకుపోయే నొప్పి, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.