ఒక డిస్కున రెండు వ్యవస్థలు

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు పేరు పొందిన ఊరు. అచ్చటి శిల్పి మొదట రాతిని కొలచి, గీతలు గీచి, పిదపనే ఉలి పట్టును. పొరపాటున రాలిన ముక్క మరల అతుకదు. కంప్యూటరు డిస్కును విభజించువారికిని ఈ జాగ్రత్తయే వలయును.

కంప్యూటరుచే పని చేయించునవి నిర్వాహక వ్యవస్థలు. నంద్యాలలో చదువు ఒక విద్యార్థి తన కంప్యూటరులో విండోసుతోపాటు ఉబుంటును గూడ నిలుపగోరెననుకొందము. అతని డిస్కు 256 గిగాబైట్లది. విండోసు మాత్రము 238 అని చూపును. ఇందు మోసమేమియు లేదు. బైటునుండి గిగాబైటు వరకు ప్రతి మెట్టును తయారీదారులు 1000తో లెక్కింతురు. విండోసు 1024తో లెక్కించును.

ఉబుంటుకు సుమారు 25 గిగాబైట్ల చోటు కావలయును. అది లేనిచో చెత్తబుట్టను, తాత్కాలిక ఫైళ్లను, వాడని ప్రోగ్రాములను తొలగింపవలెను. ఒక్కొక్కప్పుడు ఖాళీ యున్నను విండోసు విభాగము తగినంత కుదింపబడదు. కదల్పరాని ఫైళ్లు నడుమ నుండుటయే దీనికి కారణము. హైబర్నేషన్ ఫైలు అట్టిది. ఆ సదుపాయమును నిలిపివేసి మరల ప్రయత్నింపవలెను.

అన్నిటికంటె ముందు ముఖ్యమైన ఫైళ్లకు వేరొక డిస్కున ప్రతి తీసికొనవలెను. పిమ్మట విండోసులోని డిస్కు నిర్వహణ సాధనముతోనే విభాగమును కుదించి, మిగిలిన చోటును ఖాళీగా విడువవలెను. ఉబుంటును ఆ ఖాళీలోనే నిలుపవలెను. డిస్కునంతయు తుడిచివేయు మార్గమును తొందరపడి యెంచుకొన్నచో, పాఠములు, ఛాయాచిత్రములు సర్వమును నశించును.

శిల్పికి కొలత యెట్టిదో, ఆ విద్యార్థికి ప్రతి యట్టిది. రెండును పనికి ముందే కావలయును.