తక్కువ ధర ఈ-రీడర్ తెలుగు చదువుతుందా? కొనేముందు ఈ ఒక్క టెస్ట్ చెయ్యండి

ఈరోజు ఎపిసోడ్ ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని చేస్తున్నా. ఎందుకిక్కడ అంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో నా ఫోన్ స్క్రీన్ మీద ఏమీ కనపడట్లేదు. పక్కనున్న ఈ చిన్న పలక మాత్రం కాగితంలా స్పష్టంగా ఉంది. ఇదే ఈ-రీడర్. దీన్ని కొని నేను ఎలా దెబ్బతిన్నానో, తర్వాత ఎలా దారిలో పెట్టుకున్నానో చెప్తా.

పోయినేడు ట్యూషన్ డబ్బులు దాచి, తార్నాక మెట్రో స్టేషన్ కింద ఒకాయన దగ్గర 3,500కి సెకండ్ హ్యాండ్ ఈ-రీడర్ కొన్నా. ఇంగ్లిష్ నవల తెరిచి చూశా, సూపర్. డబ్బులిచ్చేశా. హాస్టల్‌కొచ్చి తెలుగు కథ వేస్తే, ఒత్తులన్నీ ఊడిపోయి పక్కన పడ్డాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం మూడు ముక్కలైంది. మా రూమ్మేట్ చూసి, "ఏందిరా, పుస్తకం కొన్నవా, పజిల్ కొన్నవా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, అది నా నెల మెస్ బిల్లు కన్నా ఎక్కువ డబ్బు.

అసలు ఇందులో ఏముందో ముందు చూద్దాం. దీని స్క్రీన్‌ని ఈ-ఇంక్ అంటారు. లోపల సన్నని గుళికల్లో నల్లని, తెల్లని రేణువులుంటాయి. కరెంటు తగిలితే ఏవో ఒకటి పైకొస్తాయి, అలా అక్షరం ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడ్డాక అది నిలబడటానికి కరెంటు అక్కర్లేదు, పేజీ తిప్పినప్పుడే కావాలి. అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. ఫోన్‌లా వెనక నుంచి కళ్ళలోకి లైటు కొట్టదు. లైటున్న మోడల్‌లో కూడా అది అంచుల నుంచి పేజీ మీద పడుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి. ఒకటి, అక్షరాల పదును. ఉదాహరణకి 2019 బేసిక్ కిండిల్‌లో అంగుళానికి 167 చుక్కలు, 2022 బేసిక్ మోడల్‌లో 300. ఇంగ్లిష్‌కి 167తో సర్దుకోవచ్చు. మన ఒత్తులు, గుణింతాలు చిన్నవి కాబట్టి 300 ఉంటే హాయి. రెండు, ఛార్జింగ్ పిన్. 2019 దానికి పాత మైక్రో యూఎస్‌బీ, 2022 దానికి టైప్-సీ. మూడు, సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనర్ అకౌంట్ మీ ముందే తీసేయించండి. నాలుగు, నాలుగైదు పేజీలు తిప్పి చూడండి. బ్యాగులో ఒత్తిడికి లోపలి పొర పగిలితే పైన గీత కూడా పడదు, స్క్రీన్‌లో చారలు మాత్రం పోవు.

ఐదోది, నేను మర్చిపోయింది: మీ ఫోన్‌లో ఆ మెషీన్ తెరవగలిగే తెలుగు ఈ-బుక్ ఫైల్ ఒకటి, ఒక కేబుల్ పెట్టుకుని వెళ్ళండి. డబ్బులిచ్చే ముందే ఎక్కించి "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న" లాంటి మాటలు చూడండి. తెలుగు సరిగ్గా రావాలంటే ఫాంట్ ఒక్కటే చాలదు, ఒత్తుని కిందికి చేర్చే సాఫ్ట్‌వేర్ కూడా ఆ మెషీన్‌లో ఉండాలి. ఇంకో మాట: 2016 డిసెంబర్‌లో కిండిల్ స్టోర్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కాబట్టి పేరు చూసి కొనేయకండి.

మరి నా డబ్బా ఏమైంది? పారెయ్యలేదు. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు ఫైల్‌లోనే ఉంటాయి, కాబట్టి ఒత్తులు ఊడవు. సమస్య సైజు. మామూలు డెమీ పుస్తకం పేజీ 5.5 బై 8.5 అంగుళాలు. 6 అంగుళాల స్క్రీన్ అంటే దాదాపు 3.6 బై 4.8. పేజీ మొత్తం పట్టిస్తే అక్షరం సగం కన్నా కొంచెం పెద్దగా మిగులుతుంది. అందుకే స్కాన్ చేసిన పాత పుస్తకమైతే మార్జిన్లు కత్తిరించి, మెషీన్‌ని అడ్డంగా తిప్పి చదవండి. అక్షరం దాదాపు అసలు సైజుకొస్తుంది.

టైప్ చేసిన టెక్స్ట్ దొరికితే ఇంకా మంచి దారి ఉంది. తెలుగు వికీసోర్స్‌లో గురజాడ, కందుకూరి లాంటి కాపీరైట్ తీరిన వాళ్ళ రచనలు ఉచితంగా ఉన్నాయి. టెక్స్ట్ కాపీ చేసి కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్‌లో పెట్టండి. పేజీ సైజు 9 బై 12 సెంటీమీటర్లు, మార్జిన్ 3 మిల్లీమీటర్లు, ఫాంట్ మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ, సైజు 13. పీడీఎఫ్ చేసి ఎక్కించండి. స్క్రీన్‌కి కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. మొదటిసారి అలా చదివినప్పుడు, మా రూమ్మేటే లాక్కుని రెండు కథలు పూర్తి చేశాడు!

ఒక హెచ్చరిక: అను ఫాంట్లతో డీటీపీ చేసిన పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మార్చాలని చూడకండి. అవి యూనికోడ్ కాదు, పిచ్చి గీతలొస్తాయి. ఉన్నది ఉన్నట్టే చదవండి.

చివరగా, అందరికీ ఇది అవసరమా? వారానికి ఒక గంట చదివేవాళ్ళకి ఫోన్ చాలు, నోటిఫికేషన్లు ఆపేసుకోండి. రోజూ పడుకునే ముందు చదవాలని ఫోన్ తెరిచి, రీల్స్‌లో పడి రాత్రి ఒంటిగంట చేసేవాళ్ళకి మాత్రం ఇది పనికొస్తుంది. నాకు అలాగే పనికొచ్చింది. ఇందులో చదవడం తప్ప ఇంకేం చెయ్యబుద్ధి కాదు, అదే దీని గొప్ప.

ఎండ మెట్ల మీదికొచ్చేసింది, నేను లేస్తున్నా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, అప్పటిదాకా ఒక్క కథైనా చదవండి.