లేదనడంలోని తేడాలు

తెలుగువానికి నిరాకరణ పదాలకు కొదవ లేదు. వస్తువు లేకపోతే ‘లేదు’ అంటాడు. ఉన్నా ఇవ్వరానిదైతే ‘కూడదు’ అంటాడు. శక్తి చాలకపోతే ‘నావల్ల కాదు’ అంటాడు. ఒకదానికి బదులు మరొకటి పలికితే అది అబద్ధమే అవుతుంది. అంతర్జాలంలోని సర్వర్లకు కూడా ఈ భేదాలున్నవి. అయితే అవి మాటలకు మారుగా మూడంకెల సంఖ్యలను వాడుతాయి.

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌కు రూపమిచ్చిన తొలినాళ్ళలో, అనగా 1991 ప్రాంతంలో, ఈ సంఖ్యలు లేవు. పొరపాటు జరిగితే ఆ సంగతినే ఒక పుటగా వ్రాసి పంపేవారు. చదివే మనిషి గ్రహించునేమో గాని, మధ్యనున్న బ్రౌజరుకు మాత్రం సిసలైన పుటకూ క్షమాపణ పుటకూ భేదం తెలిసేది కాదు. 1996 మే నెలలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రం సంఖ్యల పద్ధతిని గ్రంథస్థం చేసింది. మొదటి అంకె 2 అయితే కోరినది దొరికినట్లు. 3 అయితే మరొక చోటికి పొమ్మన్నట్లు. 4 అయితే లోపం అడిగినవారిదైనట్లు. 5 అయితే సర్వరుదైనట్లు.

పరీక్షాఫలితాలు వెలువడే ఉదయాన ఈ భేదం ఎంత అవసరమో తెలుస్తుంది. లక్షలమంది ఒక్కసారిగా అడిగేసరికి సర్వరు తట్టుకోలేక 503 అంటుంది. ‘ప్రస్తుతం నావల్ల కాదు’ అని దాని భావం. తన నంబరే పట్టికలో లేదని బెంగపడే విద్యార్థికి ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. మళ్ళీ ఎప్పుడు అడగవచ్చునో చెప్పే వీలు కూడా ఆ జవాబులో ఉన్నది. నిర్వాహకులు దానిని వాడుకొంటే ఎన్ని గుండెలు కుదుటపడునో!

ఇక 404 సంగతి లోకవిదితం. అది ‘దొరకలేదు’ అంటుందే గాని, ఎన్నడూ లేదనో, మళ్ళీ రాదనో చెప్పదు. శాశ్వతంగా తొలగించిన దానికి 410 ఉన్నది. 401 ‘నీవెవరో ముందు చెప్పు’ అంటుంది. 403 అట్లా కాదు. ఎవరివో తెలిసినా కూడదనవచ్చును. చిత్రమేమిటంటే, ఉన్న సంగతే దాచదలచిన సర్వరు 403కు బదులు 404 పలకడానికి నియమాలే అనుమతిస్తున్నవి.

ఈ మరుగు కొందరికి నచ్చలేదు. చట్టం ఆపిన పుటకు ‘లేదు’ అనడం న్యాయమా? టిమ్ బ్రే ప్రతిపాదించిన 451 అనే సంఖ్యను గూర్చిన పత్రం 2016 ఫిబ్రవరిలో వెలువడింది. పుస్తకాలను తగులబెట్టే రాజ్యాన్ని చిత్రిస్తూ రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన ‘ఫారెన్‌హీట్ 451’ నవల పేరే దీనికి మూలం. ఎవరి ఉత్తర్వుపై ఆపవలసి వచ్చిందో కూడా ఈ జవాబులో తెలపాలని ఆ పత్రం సూచిస్తుంది. నిషేధమున్నదన్న మాటను సైతం నిషేధించే అధికారులు ఉండవచ్చునని కూడా అదే పత్రం ఒప్పుకొన్నది. అట్టి చోట చదువరికి కనిపించేది బహుశా 404 మాత్రమే.