బ్రేకులు లేని పందెం

మోటారు సైకిలుకు బ్రేకులు పీకేసి, "ఇక నడుపు" అంటే ఎవరైనా నడుపుతారా? కాని స్పీడ్‌వే అనే పందెంలో నియమమే అది. బండికి బ్రేకులు ఉండకూడదు. గేరు కూడా ఒక్కటే.

కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట ఉంటుంది. నలుగురు రౌతులు దాని చుట్టూ నాలుగుసార్లు తిరగాలి. అంతా ఇంచుమించు ఒక్క నిమిషంలో అయిపోతుంది. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తరువాతి వాళ్ళకు 2, 1. ఆఖరువాడికి సున్న. నలుగురూ ఒకరినొకరు రాసుకుంటూ పోతారు గనక, ముందువాడు తటాలున బ్రేకు వేస్తే వెనకవాడు వచ్చి వాడిమీద పడతాడు. అందుకే అసలు బ్రేకులే వద్దన్నారు.

ఇందులో ఇంకొక వింత ఉన్నది. మలుపులన్నీ ఎడమకే. అయినా మలుపులో ముందు చక్రం కుడివైపుకు తిరిగి ఉంటుంది! వెనక చక్రం వడిగా తిరిగి, మట్టిమీద పట్టు తప్పి, కుడివైపుకు జారుతుంది. ఊరుకుంటే బండి గిర్రున తిరిగి పడుతుంది. బండి జారుతున్న దిక్కుకే ముందు చక్రాన్ని తిప్పితే పడదు. రౌతు ఎడమకాలు నేలకు ఆనిస్తాడు. ఆ బూటు కింద ఉక్కు తొడుగు ఉంటుంది.

చిన్న దేశమైన డెన్మార్కు ఈ విద్యలో ఆరితేరింది. ఓలే ఓల్సెన్ 1971లో ప్రపంచ విజేత అయి దారి చూపాడు. 1984 నుంచి 1989 దాకా ఆరేళ్ళూ ప్రపంచ విజేతలు డెన్మార్కు వాళ్ళే.

వారిలో ఎరిక్ గుండర్సెన్ ఒకడు. అతను సముద్రపుటొడ్డున ఉన్న ఎస్‌బ్యెర్గ్‌లో 1959లో పుట్టాడు. 1979లో ఇంగ్లండు వెళ్ళి క్రాడ్లీ హీత్ జట్టులో చేరాడు. అక్కడ రౌతుకు ఇది ఉద్యోగమే. ఎన్ని పాయింట్లు తెస్తే అంత డబ్బు. 1984లో ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడు బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సల్ మైదానంలో ముగ్గురికి సమానంగా పాయింట్లు వచ్చాయి. ముగ్గురికీ మళ్ళీ పందెం పెడితే అందులోనూ అతనే గెలిచాడు. 1988లో సొంత దేశంలో, వోయెన్స్‌లో కూడా ఇలాగే జరిగింది. తన దేశంవాడే అయిన హాన్స్ నీల్సెన్‌తో సమానమై, మళ్ళీ పరుగు తీసి గెలిచాడు.

1989 సెప్టెంబరు 17న దేశాల జట్ల మధ్య పందెం జరిగింది. అదీ ఓడ్సల్‌లోనే. మొదటి పరుగు, మొదటి మలుపు. నలుగురూ ఒకేసారి ఆ మలుపుకు చేరేది అప్పుడే గనక అది అన్నిటికన్న ప్రమాదకరమైన చోటు. బళ్ళు ఒకదానికొకటి తగిలి రౌతులు కూలిపోయారు. మిగిలినవాళ్ళకన్న గుండర్సెన్‌కు ఎక్కువ దెబ్బ తగిలింది. వెన్ను దెబ్బతిని శరీరం చచ్చుబడింది. బతకటమే కష్టమనుకున్నారు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్ళు నిండటానికి ఇంకా మూడు వారాలున్నది.

మెడలు వంచకుండా మలుపు తిరిగే మనిషి, చంటిపిల్లవాడిలాగా అడుగులు వేయటం మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. నెలల తరబడి నేర్చుకున్నాడు, నడిచాడు. పందాలలో మాత్రం మళ్ళీ పాల్గొనలేదు. తరువాతి కాలంలో డెన్మార్కు జట్టుకు మేనేజరుగా ఉండి, బాట పక్కన నిలబడి తన దేశపు కుర్రవాళ్ళను పందాలకు పంపాడు. వాళ్ళ బళ్ళకూ బ్రేకులు లేవు.